కార్ల్ చనిపోయాక ‘ది వాకింగ్ డెడ్’ ఎవరి కథ? కామిక్, టీవీ సిరీస్‌లపై చర్చ

చివరిపేజీ (చర్చ ప్రారంభించినవారు):

ఈ చర్చలో కామిక్ ముగింపు, టీవీ సిరీస్ ముగింపు రెండూ వివరంగా వస్తాయి. ఇంకా చదవని, చూడని మిత్రులు ఇక్కడే ఆగడం మేలు.

చచ్చినవారు నడిచే శవాలై లేచి, కరిచి మనుషులను చంపే లోకంలో బతికి ఉన్నవారి కథగా రాబర్ట్ కిర్క్‌మన్ రచించిన ‘ది వాకింగ్ డెడ్’ కామిక్ 2003 అక్టోబరులో ఇమేజ్ కామిక్స్ ప్రచురణగా మొదలై, 2019 జూలైలో 193వ సంచికతో ముగిసింది. తొలి ఆరు సంచికలకు టోనీ మూర్, ఏడవ సంచిక నుంచి చివరిదాకా చార్లీ ఆడ్లర్డ్ బొమ్మలు గీశారు. దాని ఆధారంగా ఏఎంసీ ఛానల్ తీసిన సిరీస్ 2010 అక్టోబరు 31న మొదలై, 11 సీజన్లలో 177 ఎపిసోడ్లు నడిచి, 2022 నవంబరు 20న ముగిసింది. రెండింటిలో ఏది గొప్పదన్న ప్రశ్న ఈ వేదికలో ఇదివరకే చాలాసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఎవరికి నచ్చిన పాత్రల పేర్లు వారు చెప్పుకోవడంతో సరిపోయింది. అందువల్ల ప్రశ్నను కుదించి అడుగుతున్నాను. ఎనిమిదవ సీజన్‌లో కథానాయకుడు రిక్ కొడుకు కార్ల్ గ్రైమ్స్‌ను చంపినప్పుడు సిరీస్ తన మూలకథను పోగొట్టుకుందా, లేదా? పోగొట్టుకుందనే నా అభిప్రాయం.

కామిక్‌లో మొదటి నుంచీ రెండు జీవితాలు పక్కపక్కన నడుస్తాయి. తండ్రి రిక్ ఆసుపత్రి మంచం మీద కళ్లు తెరిచి కొడుకును వెతుక్కుంటూ బయలుదేరుతాడు. ఏడేళ్ల ఆ కొడుకు ఆరవ సంచికలోనే, తండ్రిని చంపబోతున్న ఆయన స్నేహితుడు షేన్‌ను కాల్చి చంపుతాడు. 83వ సంచికలో కంటికి తూటా తగిలి ఆ కన్ను పోతుంది. 192వ సంచికలో సెబాస్టియన్ మిల్టన్ అనే పనికిమాలిన యువకుడు రిక్‌ను కాల్చి చంపితే, తెల్లవారాక శవమై లేచిన తండ్రికి రెండవసారి చావునివ్వవలసిన పని కార్ల్ మీదే పడుతుంది. 193వ సంచికలో కార్ల్ పెద్దవాడు, సోఫియా భర్త, ఆండ్రియా అనే పాపకు తండ్రి. రిక్ సహచరులు గ్లెన్, మ్యాగీల కొడుకు హెర్షెల్ నడిచే శవాలను ఊరూరా తిప్పి తమాషాగా చూపిస్తుంటాడు. వాటిలో కొన్ని తన పొలంలోకి రాగానే కార్ల్ నరికివేస్తాడు, పరాయి ఆస్తిని ధ్వంసం చేశాడని అతని మీద కేసు నడుస్తుంది. ఆ శవాలంటే భయమే తెలియని తరం వచ్చింది కనుకనే అవి ఆస్తి అయ్యాయి, టికెట్టు కొని చూసే వింత అయ్యాయి. ఆ భయం ఎందుకు అవసరమో తెలిసినవాడు కోర్టులో ముద్దాయిగా నిలబడతాడు. 16 ఏళ్ల కథ చేరవలసిన చోటు అదేనని ఆ సంచిక చదివినప్పుడు నాకు అనిపించింది.

సిరీస్‌లో ఇదంతా జరగడానికి ఆస్కారమే లేకుండా పోయింది. 2018 ఫిబ్రవరిలో ప్రసారమైన ఎపిసోడ్‌లో కార్ల్ కాటుకు గురై చనిపోయాడు. ఆ తరువాత మూడున్నర సీజన్ల పాటు ఏం జరిగినా, అది రిక్, కార్ల్‌ల కథ కాదు.

రాత్రికాపలా:

చివరిపేజీ గారు, ప్రశ్నను కుదించడంలోనే మీరు తీర్పు కూడా ఇచ్చేశారు. మూలకథ అంటే దాని ముగింపు అని ముందే నిర్ణయించుకుంటే, ఆ ముగింపును చేరని సిరీస్ ఓడిపోయినట్టే లెక్క. నా దృష్టిలో మూలకథ అంటే కామిక్ వేసిన ప్రశ్న: చట్టం, పోలీసు, ఆసుపత్రి, కరెంటు అన్నీ ఒకేసారి పోయినప్పుడు మనిషి ఎంతవరకు మనిషిగా మిగులుతాడు? ఈ ప్రశ్నకు సిరీస్ అనేక చోట్ల కామిక్ కంటే లోతైన జవాబు ఇచ్చింది.

మోర్గన్‌ను చూడండి. కామిక్ మొదటి సంచికలో అతడు కొడుకుతో దాక్కున్న పొరుగువాడు మాత్రమే. ఫ్రాంక్ డారబాంట్ తీసిన మొదటి ఎపిసోడ్‌లో అతని భార్య శవమై రాత్రిపూట వచ్చి ఇంటి తలుపు పిడి తిప్పుతుంది. మేడ మీద కిటికీలోంచి తుపాకీ గురిపెట్టిన మోర్గన్ మీట నొక్కలేక కుప్పకూలిపోతాడు. మూడవ సీజన్‌లో తెలుస్తుంది, ఆ రోజు అతడు చంపలేకపోయిన భార్యే తరువాత కొడుకు డ్వేన్‌ను కరిచిందని. కామిక్‌లో కూడా డ్వేన్ శవమవుతాడు, మోర్గన్ అతడిని గొలుసుతో కట్టి ఉంచుతాడు, అది కూడా భయంకరమైన దృశ్యమే. అయితే ఒక మనిషి ప్రేమే అతని కొడుకు చావుకు కారణమైన ఆ వరుస మాత్రం సిరీస్ సొంతంగా కల్పించినది.

ఇక క్యారల్. కామిక్‌లో క్యారల్ బలహీనురాలు, ఆసరా కోసం ఎవరినైనా అంటిపెట్టుకునే మనిషి. చివరకు రిక్ బృందం తలదాచుకున్న జైలు ఆవరణలో కట్టేసి ఉన్న ఒక శవానికి తనంత తానే మెడ అందించి చనిపోతుంది. సిరీస్‌లో మెలిస్సా మెక్‌బ్రైడ్ పోషించిన క్యారల్ భర్త చేతి దెబ్బలు తిన్న ఇల్లాలిగా మొదలై, రెండవ సీజన్‌లో పశువుల కొట్టంలోంచి శవమై నడిచి వచ్చిన కూతురు సోఫియాను చూసి, ఆ తరువాత ఎవరూ చేయలేని పనులు తన చేతులతో చేసే మనిషిగా మారింది. నాలుగవ సీజన్‌లో లిజ్జీ అనే పిల్ల, శవాలు మనుషులేనని నమ్మి, తిరిగి లేస్తుందన్న నమ్మకంతో సొంత చెల్లెలిని పొడిచి చంపుతుంది. ఆ పిల్లను పూల వైపు చూడమని చెప్పి క్యారల్ కాల్చివేసే ఎపిసోడ్‌కు ఆధారం కామిక్‌లోనే ఉంది. అక్కడ బెన్, బిల్లీ అనే కవలల్లో ఒకడు మరొకడిని చంపుతాడు, పెద్దవాళ్లు ఎటూ తేల్చుకోలేక తలలు పట్టుకుంటే, రాత్రివేళ కార్ల్ వెళ్లి బెన్‌ను చంపివస్తాడు. ఆ పనిని పిల్లవాడి చేతిలోంచి తీసి, కూతురిని పోగొట్టుకున్న తల్లి చేతిలో పెట్టడం ఎంత పెద్ద మార్పో ఆలోచించండి. కామిక్‌లో అది కార్ల్ కరడుగట్టిపోయాడని తెలిపే ఘట్టం. సిరీస్‌లో ఒక తల్లి బతికినన్నాళ్లూ మోయవలసిన భారం.

సిరీస్ ఒక్క కార్ల్‌ను పోగొట్టుకుంది. క్యారల్‌ను, డారిల్‌ను సంపాదించుకుంది. డారిల్ డిక్సన్ కామిక్‌లో లేనే లేడన్న సంగతి సిరీస్ మాత్రమే చూసినవారిలో చాలామందికి తెలియదు.

ఎడిటింగ్‌బల్ల:

నేను హైదరాబాదులో టీవీ సీరియళ్ల ఎడిటింగ్ పనిలో ఉన్నవాడిని కనుక, మీరిద్దరూ వదిలేసిన ఒక విషయం నాకు కనబడుతోంది. బొమ్మలో ఉన్న పిల్లవాడు రచయిత చెప్పినప్పుడే పెరుగుతాడు. కెమెరా ముందున్న పిల్లవాడు ఎవరి మాటా వినకుండా పెరుగుతాడు. చాండ్లర్ రిగ్స్ ఈ పాత్ర మొదలుపెట్టినప్పుడు పదకొండేళ్ల కుర్రవాడు, పాత్ర చనిపోయేనాటికి పద్దెనిమిది నిండినవాడు. అదే వ్యవధిలో కథలో గడిచిన కాలం మాత్రం రెండేళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. మన దగ్గర ఇటువంటి ఇబ్బంది వస్తే ఒక శుభముహూర్తాన నటుడిని మార్చి, ‘ఇకపై ఈ పాత్రలో’ అని తెర మీద ఒక పేరు వేసి ముందుకు సాగిపోతాము. ప్రేక్షకులు వారం రోజులు తిట్టుకుని అలవాటు పడతారు. అమెరికాలో ఆ స్థాయి సిరీస్‌కు ఆ వెసులుబాటు లేదు.

కాబట్టి కార్ల్ చావును నిర్మాణపరమైన అవసరంగా సమర్థించవచ్చునని ఎవరైనా అంటారేమో. నేను సమర్థించను. ఎందుకంటే, ఆ చావు జరిగిన ఏడాదిలోనే, తొమ్మిదవ సీజన్‌లో రిక్ పాత్రధారి ఆండ్రూ లింకన్ సిరీస్ నుంచి తప్పుకోగానే, కథ ఒక్కసారిగా ఆరేళ్లు ముందుకు దూకింది. నటుడి వయసుకూ పాత్ర వయసుకూ మధ్య ఉన్న తేడా ఆ ఒక్క దూకుడుతో పూర్తిగా తీరిపోయేది. ఇరవైలలో ఉన్న కార్ల్, తండ్రి లేని అలెగ్జాండ్రియాను (రిక్ బృందం స్థిరపడిన ఊరిని) నడిపే కథ చేతికి అందేంత దూరంలో ఉండగా, కొద్ది నెలల ముందు అతడిని చంపుకున్నారు. లింకన్ వెళ్లిపోతే కథను మోయడానికి సిద్ధంగా ఉన్న భుజాలు అవే.

రాత్రికాపలా గారు చెప్పిన మోర్గన్ ఎపిసోడ్ గురించి ఒక మాట. దానిని తీసిన డారబాంట్ రెండవ సీజన్ పని నడుస్తుండగానే, 2011 జూలైలో సిరీస్ నుంచి బయటకు వెళ్లవలసి వచ్చింది. ఛానల్‌తో ఆయన వివాదం కోర్టుకెక్కి, 2021లో 20 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. ఆ తరువాత గ్లెన్ మజారా, స్కాట్ గింపుల్, ఏంజెలా కాంగ్ వరుసగా సిరీస్‌ను నడిపే బాధ్యత తీసుకున్నారు. మొత్తం నలుగురు. సిరీస్ మంచిదా, కాదా అని అడిగేటప్పుడు ఏ చేతిలో ఉన్న సిరీస్ అని కూడా అడగవలసి ఉంటుంది.

బొమ్మలపాఠకురాలు:

క్యారల్ విషయంలో రాత్రికాపలా గారితో నాకు ఏకీభావం ఉంది. కామిక్ తొలి భాగంలో స్త్రీ పాత్రల చిత్రణ చదువుతుంటే చిరాకు కలుగుతుంది. జైలులో నాయకత్వ సంఘం ఏర్పాటు చేసుకున్నప్పుడు అందులో రిక్, టైరీస్, డేల్, మ్యాగీ తండ్రి హెర్షెల్, నలుగురూ మగవాళ్లే. లోకం తలకిందులైనా ఆ ఒక్క అలవాటు చెక్కుచెదరలేదన్న వ్యంగ్యంగా దాన్ని చదువుకోవాలని నేను ప్రయత్నించాను గాని, కథ నాకు ఆ అవకాశం ఇవ్వలేదు. ‘గవర్నర్’ అని పిలిపించుకునే పొరుగూరి నియంత, రిక్ బృందంలోని మిషోన్ మీద జరిపిన అత్యాచారాన్ని, దానికి ఆమె తీర్చుకున్న ప్రతీకారాన్ని పేజీల కొద్దీ గీసిన తీరు కూడా నేను మళ్లీ తిరిగి చూడని భాగం. సిరీస్ దానిని వదిలివేయడం నాకు పిరికితనంగా తోచలేదు.

అయితే లెక్కలో ఆండ్రియాను కూడా వేయండి. కామిక్‌లో ఆండ్రియా గురి తప్పని షూటర్, రిక్ సహచరి, కార్ల్‌కు తల్లి స్థానంలో నిలిచిన మనిషి. 167వ సంచికలో ఆమె కాటుకు గురై మంచం మీద చనిపోతుంటే ఒక్కొక్కరూ వచ్చి వీడ్కోలు చెప్పి వెళతారు. కార్ల్ తన పాపకు పెట్టుకున్న పేరు ఆమెదే. సిరీస్‌లో అదే ఆండ్రియాను గవర్నర్ మాటలు నమ్మే మనిషిగా మార్చి, మూడవ సీజన్ చివర ఒక గదిలో కట్టేసి చంపారు. క్యారల్‌ను నిలబెట్టిన చేతులే ఆండ్రియాను పడగొట్టాయి.

నేను అసలు చెప్పదలచుకున్నది బొమ్మల గురించి. ఆడ్లర్డ్ గీసిన పేజీలు నలుపు తెలుపుల్లో ఉంటాయి, మధ్యలో క్లిఫ్ రాత్‌బర్న్ పరిచిన బూడిద ఛాయలు. అక్కడ నెత్తురు నల్లగానే ఉంటుంది, నీడ కూడా నల్లగానే ఉంటుంది. ఏది ఏదో కంటికి ఒక క్షణం ఆలస్యంగా తెలుస్తుంది. ఆ ఆలస్యమే ఆ కామిక్‌లో భయం. కిర్క్‌మన్ ఘోరాన్ని తరచుగా పేజీ తిప్పిన తరువాతే చూపిస్తాడు, కనుక దానిని చూడాలా, వద్దా అన్నది పాఠకుడి వేలి కొసన ఉంటుంది. 2012 జూలైలో వచ్చిన 100వ సంచికలో శత్రు ముఠా నాయకుడు నీగన్ ముళ్లతీగ చుట్టిన బ్యాటుతో గ్లెన్‌ను చంపే పేజీలను నేను నా వేగంతో తిప్పాను, కొన్నింటిని చూడకుండానే తిప్పాను.

అదే ఘట్టాన్ని సిరీస్ ఏం చేసిందో గుర్తు తెచ్చుకోండి. 2016 ఏప్రిల్‌లో ఆరవ సీజన్ చివరి దృశ్యంలో బ్యాటు కిందికి దిగింది. ఎవరి మీద దిగిందో చెప్పకుండా తెర నల్లబడింది. అక్టోబరు 23 దాకా ఆరు నెలలకు పైగా ఆ శవం ఎవరిదో ప్రేక్షకులు పందేలు కాసుకున్నారు. చివరకు ఏడవ సీజన్ మొదటి ఎపిసోడ్‌లో ముందు రిక్ బృందంలోని మరొకడు ఏబ్రహాం, ఆ తరువాత గ్లెన్. గ్లెన్ కన్ను బయటికి వచ్చే ఆ రూపం కామిక్ బొమ్మకు దాదాపు నకలు, గ్రెగ్ నికొటెరో బృందం మేకప్ పనితనంలో లోపం వెతకలేము. కామిక్‌కు విధేయంగా ఉన్నామని వారు నిజాయితీగానే చెప్పుకోవచ్చు. కానీ బొమ్మ ఎంత పోలినా, ఒక మనిషి చావును ఆరు నెలల పొడుపుకథగా మార్చిన తరువాత ఆ చావు మీద దుఃఖం ఎలా మిగులుతుంది? మన వారపత్రికల సీరియళ్లు కూడా ప్రతి వారం ఉత్కంఠ దగ్గరే ఆగేవి. అయితే వచ్చే వారం ఏమవుతుందో తెలియక ఆగేవి గాని, ఇప్పటికే అయిపోయిన దానిని దాచి ఆగేవి కావు.

నిర్వాహకులు:

ఏడవ సీజన్ మొదటి ఎపిసోడ్ మీద ఇదివరకు ప్రత్యేక చర్చ జరిగింది కనుక, దాని హింస గురించిన స్పందనలను అక్కడే కొనసాగించవలసిందిగా మనవి. ఇక్కడ కార్ల్ చావు, ముగింపుల పోలిక మీదే ఉండండి.

గణాంకాలమనిషి:

పోలిక అంటే అంకెలు కూడా చూడాలి కదా. సిరీస్ మొదటి ఎపిసోడ్‌ను అమెరికాలో 53 లక్షల మంది చూశారు. 2014 అక్టోబరులో ఐదవ సీజన్ మొదలైన రోజు ఆ సంఖ్య 1 కోటి 73 లక్షలకు చేరింది. 2022లో ఆఖరి ఎపిసోడ్ నాటికి అది 23 లక్షల దగ్గరకు పడిపోయింది. కామిక్ 100వ సంచిక ఒక్కటే 3 లక్షల 80 వేలకు పైగా ప్రతులు దుకాణాలకు చేరింది. కార్ల్ పోయాక జనం కూడా పోయారనడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఎడిటింగ్‌బల్ల:

అంకెలు నిజమే, వాటి నుంచి తీసిన ముగింపు నిలవదు. ఆ పన్నెండేళ్లలో అమెరికాలో కేబుల్ టీవీ చూసే అలవాటే కరిగిపోయింది. చివరి సీజన్ ఎపిసోడ్లను ఛానల్ తన సొంత స్ట్రీమింగ్ సేవలో ముందుగానే పెట్టింది. పైగా, ప్రేక్షకులు తగ్గడం కార్ల్ చావుకు ఏడాదికి పైగా ముందే, బొమ్మలపాఠకురాలు గారు చెప్పిన ఏడవ సీజన్ ఆరంభం తరువాతి వారాల్లోనే మొదలైంది.

రాత్రికాపలా:

కార్ల్ చావును నేను ఇష్టంగా సమర్థించడం లేదు. అది కథలో చేసిన పని ఏమిటో చూడమంటున్నాను. సిరీస్‌లో రిక్ నీగన్ గొంతు కోసిన వెంటనే, అతడిని బతికించమని సిద్దిఖ్ అనే వైద్యుడికి చెబుతాడు. ఆ దయకు మూలం చనిపోయే ముందు కార్ల్ రాసిపెట్టిన ఉత్తరాలు. కార్ల్‌ను కరిచిన శవం కూడా సిద్దిఖ్‌కు సాయం చేయబోయినప్పుడు ఎదురైనదే. అంటే, అపరిచితుడికి సాయపడి చనిపోయిన కొడుకు మాట వల్ల తండ్రి తన పరమ శత్రువును వదిలిపెట్టాడు, ఆ కొడుకు కాపాడిన వైద్యుడే ఆ శత్రువు ప్రాణం నిలబెట్టాడు. మీరు చావు మాత్రమే చూస్తున్నారు, దాని వెనుక అల్లిన గొలుసును చూడడం లేదు. కామిక్‌లో రిక్ ఎందుకు వదిలిపెట్టాడు?

చివరిపేజీ:

ఆ ప్రశ్నకే నా జవాబు ఆధారపడి ఉంది కనుక కొంచెం వివరంగా చెబుతాను.

కామిక్ 125, 126 సంచికల్లో కూడా రిక్ నీగన్ గొంతు కోస్తాడు, పెనుగులాటలో నీగన్ రిక్ కాలు విరగ్గొడతాడు, అయినా రిక్ అతడిని బతికించి చెరలో వేస్తాడు. అప్పటికి కార్ల్ బతికే ఉన్నాడు, నీగన్‌ను చంపి తీరాలని కోరుకునేవారిలో అతడూ ఒకడు. రిక్ తీసుకున్న ఆ నిర్ణయానికి చనిపోయినవారి ఆఖరి కోరిక ఊతంగా లేదు. గ్లెన్‌ను చంపినవాడిని చంపితే అందరూ మెచ్చుకుంటారని అతనికి తెలుసు. అయినా, ఒక మనిషి పగ తీర్చుకోవడంతో కాక, ఒక సమాజం శిక్ష విధించడంతో యుద్ధం ముగియాలని అతడు నిర్ణయించుకున్నాడు. 24వ సంచికలో, నడిచే శవాలు మనమేనని తన వాళ్ల ముఖం మీద అరిచిన రిక్ వంద సంచికల తరువాత ఈ నిర్ణయానికి వచ్చాడు. ఆ దూరం నడిచినందుకే అతడు కథానాయకుడు.

సిరీస్‌లో ఆ నడకను ఒక ఉత్తరం భర్తీ చేసింది. కొడుకు చనిపోతూ అడిగిన మాటను తండ్రి కాదనలేడు. అది పితృప్రేమ, రాజనీతి కాదు. నాకు ఇంకా పెద్ద అభ్యంతరం ఏమిటంటే, అలా చేయడం వల్ల తండ్రీ కొడుకుల మధ్య ఉన్న అసలు ఘర్షణ మాయమైంది. కామిక్‌లో రిక్ దయ సరైనదా, కాదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పవలసిన సాక్షి కార్ల్. తండ్రి నిర్ణయాన్ని వ్యతిరేకించిన పిల్లవాడు, చెరలో ఉన్న నీగన్‌తో కటకటాల ఇవతల కూర్చుని మాట్లాడిన పిల్లవాడు, పెద్దయ్యాక ఆ నిర్ణయం వల్ల నిలబడిన లోకంలో తన బిడ్డను పెంచుతాడు. సిరీస్‌లో కార్ల్ ఆ దయను కోరినవాడు, దాని ఫలితాన్ని చూడనివాడు.

బొమ్మలపాఠకురాలు:

ఇక్కడ నేను చివరిపేజీ గారి పక్షం. అయితే కారణం వేరే చోట వెతుకుతాను, ఎందుకంటే సిరీస్ రచయితలు కామిక్ అర్థం తెలియక కార్ల్‌ను చంపారని నేను అనుకోవడం లేదు.

ఇమేజ్ కామిక్స్ పద్ధతిలో కథ మీద హక్కు రచయితదే. కిర్క్‌మన్ ఆ హక్కును ఎంత చిలిపిగా వాడుకున్నాడో చూడండి. ఈ కథను ఆ సంస్థ చేత ఒప్పించడానికి, శవాలు లేవడం వెనుక గ్రహాంతరవాసుల కుట్ర ఉందని అబద్ధం చెప్పి, అచ్చయ్యాక ఆ ఊసే ఎత్తలేదు. 2019లో 193వ సంచికతో ముగిస్తున్నట్టు పాఠకులకు చెప్పలేదు. ఇంకా రాబోయే సంచికలంటూ అబద్ధపు అట్టబొమ్మలు కూడా ముందుగా ప్రకటించి, అంతా తెరిచి చూసేసరికి కథ అయిపోయింది. అదే చివరి సంచికలో పాఠకులకు రాసిన లేఖలో, మొదట తాను అనుకున్న ముగింపు వేరని చెప్పాడు. అలెగ్జాండ్రియా చేరిన కొత్తలోనే, ఇక్కడే ఉండి దీనిని నిలబెడదామని రిక్ ప్రసంగించాక, ఆ రూపం విగ్రహంగా మారి, ఆ విగ్రహం పాతబడి బీటలు వారి, చుట్టూ శవాలు తిరుగుతుండగా కథ ముగియాలట. అంత నిరాశతో ముగించకుండా, మరో నూటయిరవై సంచికలు రాసి తన మనసు తానే మార్చుకున్నాడు. మార్చుకునే హక్కు అతనికి ఉంది, ఆపే హక్కు కూడా ఉంది.

సిరీస్‌ను అలా ఆపగలవారు ఎవరూ లేరు. 2018 నవంబరులో లింకన్ వెళ్లిపోయిన ఎపిసోడ్‌లో, వంతెన పేలుడు తరువాత రిక్ చనిపోయాడని అందరూ ఏడుస్తారు, అతడు మాత్రం హెలికాప్టర్ ఎక్కి వెళ్లిపోతాడు. ఆ రాత్రే రిక్‌తో మూడు సినిమాలు తీస్తామన్న కబురు కూడా వచ్చింది. ఆ సినిమాలు రాలేదు. 2024లో అవి ఆరు ఎపిసోడ్ల సిరీస్‌గా తేలాయి. ఈలోగా మ్యాగీ, నీగన్‌లకు ఒక సిరీస్, డారిల్‌కు ఒక సిరీస్ 2023లోనే మొదలయ్యాయి. ఆఖరి ఎపిసోడ్ అని పేరు పెట్టి ప్రసారం చేసిన దానిలో, తరువాత ఏ సిరీస్‌లోనూ అవసరం లేనివారికే చావు దక్కింది. 28వ సంచికలో గవర్నర్ రిక్ కుడి చేయి నరికితే, మిగిలిన 160కి పైగా సంచికల్లో రిక్ ఒంటిచేతి మనిషి. 48వ సంచికలో రిక్ భార్య లోరీ, ఆమె చేతిలోని పసిపాప జూడిత్ ఒకే తూటాకు పోతారు. సిరీస్‌లో రిక్ చేయి పదేళ్లకు పైగా భద్రంగా ఉంది, జూడిత్ బతికింది. ప్రధాన పాత్రల మీద జాలితో కాదు, మున్ముందు పనికొస్తారన్న లెక్కతో జరిగింది ఇది. అటువంటి లెక్క ఉన్న చోట కార్ల్ చావు ఎందుకు జరిగిందన్నదే నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అందరినీ దాచుకున్నవారు అసలు వారసుడిని పారేసుకున్నారు.

రాత్రికాపలా:

కామిక్ అంత శుభ్రంగా ముగిసిందని నేను ఒప్పుకోను. 2020 జూలైలోనే నీగన్ ఏమయ్యాడో చెప్పే ఒక ప్రత్యేక సంచిక వచ్చింది. కరోనాతో దెబ్బతిన్న కామిక్ దుకాణాలకు సాయంగా దానిని ఉచితంగా ఇచ్చారన్నది నిజం; అయినా ముగిసిందన్న కథ ఏడాదికే తలుపు తీసింది. అదే సంవత్సరం అక్టోబరు నుంచి మొదటి సంచికతో మొదలుపెట్టి, డేవ్ మెకెయిగ్ వేసిన రంగులతో అన్నీ మళ్లీ అచ్చువేస్తున్నారు. నలుపు తెలుపుల నీడల గురించి మీరు చెప్పిన మాటలన్నీ అక్కడ ఏమవుతాయి? వ్యాపారం ఛానల్ గుమ్మం దగ్గర మాత్రమే లేదు.

రెండవది, మీరందరూ జూడిత్‌ను బతికిపోయిన పాపగానే చూస్తున్నారు. కేలీ ఫ్లెమింగ్ పోషించిన జూడిత్ అన్న టోపీ పెట్టుకుని, తండ్రి తుపాకీ పట్టుకుని, తొమ్మిదవ సీజన్ నుంచి కార్ల్ వదిలిన చోటును నింపింది. ఆఖరి ఎపిసోడ్‌కు ముందు ఎపిసోడ్‌లో కామన్‌వెల్త్ అనే పెద్ద ఊరి పాలకురాలు పమేలా మిల్టన్ తూటా ఆ పిల్లకు తగులుతుంది; ఆఖరి ఎపిసోడ్‌లో ఆ ఊరి గేటు దగ్గర, మనం నడిచే శవాలం కామని డారిల్ అంటాడు. షేన్ బిడ్డ అయి ఉంటుందని రిక్ కూడా నమ్మిన, అతని రక్తసంబంధం కూడా కాని పిల్ల చేతికి వారసత్వం అందడం, రక్తాన్ని నమ్ముకున్న కామిక్ ముగింపు కంటే నాకు ఉదారంగా కనబడుతుంది.

చివరిపేజీ:

రంగుల ముద్రణ గురించి మీరన్నది సరే. నలుపు తెలుపుల పుస్తకాలు అంగట్లో ఉన్నంతకాలం నాకు దానితో పేచీ లేదు.

జూడిత్ విషయంలో మాత్రం మీ వాదన నన్ను ఒప్పించలేదు. రక్తం గురించి నేను మాట్లాడడం లేదు. కార్ల్ స్థానం మరెవరికీ ఇవ్వలేనిది కావడానికి కారణం అతని పుట్టిన కాలం. అతడు బడికి వెళ్లాడు, టీవీ చూశాడు, అమ్మ చేతి అన్నం తిన్నాడు, ఏడేళ్ల వయసులో అదంతా పోగొట్టుకున్నాడు. అతనికంటే పెద్దవాళ్లకు పాత లోకం బాగా తెలుసు, కనుక దానిని తిరిగి తేవాలని చూస్తారు. అతనికంటే చిన్నవాళ్లకు అది అసలు తెలియదు. పాత లోకం ఉండేదని గుర్తుండీ, అందులో పెరగని మనిషి అతడొక్కడే. 193వ సంచికలో హెర్షెల్ శవాలను ఆడించుకోవడం మీద అతనికి వచ్చే కోపం అక్కడినుంచే వస్తుంది, ఆ కోపానికి న్యాయమూర్తి స్థానంలో కూర్చున్న మిషోన్ తల ఊపడం కూడా అందుకే. జూడిత్ పుట్టిందే జైలులో, శవాల నడుమ. ఆ పిల్ల ఎంత ధైర్యవంతురాలైనా, హెర్షెల్ తరానికే చెందుతుంది.

ఎడిటింగ్‌బల్ల:

ఒక సందేహం. అదే నిజమైతే, సిరీస్ ఆఖరి ఎపిసోడ్‌ను కార్ల్ లేకుండానే 193వ సంచిక వైపు నడిపించగల దారి ఒకటి ఉండేది. ఆ ఎపిసోడ్ చివరలో కథ ఒక ఏడాది ముందుకు వెళుతుంది; రిక్ బృందం మిత్రుడు ఎజికియెల్ కామన్‌వెల్త్‌కు గవర్నర్ పదవిలో ఉంటాడు, ఆ ఊరి సైన్యాన్ని నడిపిన మెర్సర్ అతనికి తోడు. అక్కడ ఇరవై ఏళ్లు ముందుకు వెళ్లి, పెద్దదైన జూడిత్‌ను ముద్దాయిగా కాక, శవాలను ఆడించేవారి పక్షాన నిలబెట్టి, పాత లోకం తెలిసిన ముసలి క్యారల్‌ను బోనులో ఎందుకు నిలబెట్టకూడదు? కార్ల్ చేయవలసిన పనిని సిరీస్ సొంతంగా పెంచిన పాత్ర చేత చేయించినట్టు అయ్యేది.

రాత్రికాపలా:

అది తీసి ఉంటే చివరిపేజీ గారికి ఈ చర్చ మొదలుపెట్టే పనే ఉండేది కాదు. అయితే తీయలేరు, దానికి బొమ్మలపాఠకురాలు గారు చెప్పిన కారణమే అడ్డు. ఇరవై ఏళ్లు ముందుకు వెళితే, ఆ మధ్యలో డారిల్, మ్యాగీ, నీగన్‌లకు ఏమైందో చెప్పవలసి వస్తుంది, అప్పటికే ప్రకటించిన సిరీస్‌లన్నీ అక్కడే చిక్కుకుపోతాయి. అందుకే ఏడాది మాత్రమే దూకారు. కానీ ఆ ఏడాదిలో కూడా క్యారల్‌ను వారు ఎక్కడ కూర్చోబెట్టారో గమనించండి. లాన్స్ హార్న్స్‌బీ చేసిన పని, అంటే కామన్‌వెల్త్ రోజువారీ పాలన, ఆమె చేతికి వచ్చింది. భర్త చేతి దెబ్బలతో మొదటి సీజన్‌లో నోరెత్తని మనిషి యాభై వేల మంది ఉన్న ఊరి వ్యవహారాలు చూస్తోంది. పాత లోకం గుర్తున్న సాక్షి కావాలన్నదే మీ షరతు అయితే, సిరీస్ ఆ సాక్షిని పొలం గట్టున కాక, కార్యాలయంలో ఉంచింది. కార్ల్‌ను చంపడం తప్పేనని నేనూ అంటాను. ఆ ఖాళీ అలాగే మిగిలిపోయిందన్న మాట దగ్గరే మనకు పేచీ.